అరవై దాటాక మెదడుకు ఏది మేలు: పదకేళా, నడకా, మాత్రలా?

“నాన్నగారు రోజూ పదకేళి పూర్తి చేస్తారు, సుడోకు కూడా వదలరు. ఇక మతిమరుపు భయం లేనట్టేనా?” పాఠకులు మళ్లీమళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది.

జవాబు వయసు ఏది తీసుకుపోతుందన్న దాన్లో ఉంది. మాటల సంపద పోదు. డెబ్బైలోనూ చాలామందికి చెక్కుచెదరదు. తగ్గేది వేగం. నరాల మీది మైలిన్ పొర దెబ్బతినేకొద్దీ సంకేతాలు నెమ్మదిస్తాయి. మెదడులో కొత్త సంగతులను దాచిపెట్టే భాగం, హిప్పోక్యాంపస్, ఏటా 1 నుంచి 2 శాతం దాకా కుంచించుకుపోతుంది. పాదాల్లో స్పర్శ మందగించి చీకట్లో తూలడం మొదలవుతుంది.

మరి పదకేళి దేనికి పని పెడుతోంది? తరగని మాటల సంపదకే. పదకేళితో సరిపెట్టుకోవద్దని నేననేది అందుకే. సుడోకు కాస్త నయం, కానీ ఒడుపు దొరికాక అదీ అలవాటే. అమెరికాలో 65 దాటిన 2,832 మందితో ‘యాక్టివ్’ అనే పరిశోధన జరిగింది. పదేళ్ల తర్వాత చూస్తే తర్కంలోనో, గ్రహించే వేగంలోనో శిక్షణ పొందినవారికి ఆ నైపుణ్యంలో మేలు మిగిలింది. జ్ఞాపకశక్తి శిక్షణ ఫలితం నిలవలేదు. సరదా ఉంటే పదకేళి మానక్కర్లేదు. రాని భాషో, వాయిద్యమో నేర్చుకుంటే ఇంకా మంచిది.

నా మొగ్గు నడకకే. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో 120 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేశారు. వారానికి మూడు రోజులు, 40 నిమిషాలు చురుగ్గా నడిచినవారి హిప్పోక్యాంపస్ ఏడాదిలో సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలే చేసినవారిలో 1.4 శాతం తగ్గింది. తర్వాతి అధ్యయనాలన్నీ ఇంత స్పష్టంగా రాలేదు. అయినా నడకనే ఎంచుకోవడానికి కారణం రక్తనాళాలు. బీపీ, షుగర్ మెదడులోని సన్నని నాళాలను దెబ్బతీస్తాయి. నడక ఆ రెంటినీ అదుపులో ఉంచడానికి తోడ్పడుతుంది, కాళ్ల బలాన్నీ నిలుపుతుంది. కూర్చుని పూరించే ఏ గళ్లూ ఆ పని చేయలేవు.

ఎక్కువమంది చెడగొట్టుకునేది మొదటివారంలోనే. తొలిరోజే 40 నిమిషాలు నడిచి, మోకాళ్లు పట్టేసి, పదోరోజుకు మానేస్తారు. ఆ అధ్యయనంలో 10 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుతూ ఏడోవారానికి 40కి చేర్చారు. మనమూ అలాగే చేయాలి. వేగానికి కొలత: పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. తీరుబడిగా కబుర్లాడుతూ కాలనీలో తిరగడం ఈ లెక్కలోకి రాదు. మోకాళ్లు అరిగినవారు కదలని సైకిల్ తొక్కవచ్చు. షుగర్‌కు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మందులు వాడేవారు పరగడుపున నడిస్తే షుగర్ పడిపోవచ్చు. కాస్త తిని బయల్దేరాలి, జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి.

మాత్రల సంగతి రెండు ముక్కల్లో. జ్ఞాపకశక్తికని అమ్మే జింకో బిలోబా అనే మూలికను 75 దాటిన మూడు వేలమందికి పైగా పెద్దవాళ్లపై ఏళ్లతరబడి పరీక్షించారు. డిమెన్షియాను (మతిమరుపు జబ్బును) ఆపలేదని 2008లో తేలింది. విటమిన్ బీ12 మాత్రం వేరు. శాకాహారులకు, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవారికి అది తగ్గి పాదాల్లో తిమ్మిర్లు, మతిమరుపు రావచ్చు. రక్తపరీక్షలో లోపం తేలితే డాక్టరు చెప్పిన మోతాదులో తీసుకోవాలి. లోపం లేనివారికి దానితో జ్ఞాపకశక్తి పెరగదు.

పాదాల్లో స్పర్శ తగ్గినవారు గుళ్లో ప్రదక్షిణలైనా సరే, ఎండకు కాలిన బండల మీద వట్టికాళ్లతో నడవకూడదు, బొబ్బలెక్కినా తెలియదు. నడక ముందు గోడ పక్కన నిలబడి, ఒక పాదం మడమను రెండో పాదం బొటనవేలికి ఆనించి 10 సెకన్లు నిలవగలరేమో చూడండి. నిలవలేకపోతే కొన్నాళ్లు గోడ పట్టుకుని రోజూ అదే సాధన చేసి, ఆ తర్వాతే ఒంటరిగా రోడ్డెక్కండి.