అంటు ఫైకస్ బొన్సాయ్: ఏడేళ్ల తర్వాత

2018లో కడియం వెళ్లినప్పుడు ఒక నర్సరీలో 1,400 రూపాయలు పెట్టి ఈ ఫైకస్ బొన్సాయ్ (కుండీలో పెంచే మరుగుజ్జు చెట్టు) కొన్నాను. కాళ్లు బారజాపి కూర్చున్నట్టు ఉబ్బిన వేర్లు, పైన గుబురుగా చిన్న ఆకులు. "ఇంట్లో ఎక్కడైనా పెట్టుకోవచ్చండీ" అన్నాడు అమ్మిన కుర్రాడు. నమ్మి హైదరాబాద్ తెచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టాను. మూడు వారాల్లో సగం ఆకులు రాలిపోయాయి. మర్రి, రావి కుటుంబానికి చెందిన చెట్టు, ట్యూబ్‌లైటు వెలుగులో ఎలా బతుకుతుంది? బాల్కనీలోకి మార్చి పొద్దుటి ఎండ తగలనిచ్చాక మళ్లీ చిగురేసింది.

ఇది అంటు కట్టిన చెట్టు. కింది లావు వేరు ఒక రకం, పైన చిన్నాకుల కొమ్మలు ఇంకో రకం. అంటుకు కింద నుంచి వచ్చే చిగుళ్ల ఆకులు పెద్దవి, మహా జోరుగా పెరుగుతాయి. రెండో వానాకాలంలో వాటిని చూసి మురిసిపోయి వదిలేశాను. ఏడాది తిరిగేసరికి బలమంతా అవే లాగేసుకున్నాయి, నేను డబ్బులిచ్చి కొన్న చిన్నాకుల కొమ్మ ఒకటి ఎండిపోయింది. ఇప్పుడైతే కనబడగానే గిల్లేస్తున్నాను. పాలు కారతాయి, బట్టల మీద పడకుండా చూసుకోవాలి.

అన్నిటికంటే ఏడిపించింది మట్టి. కొబ్బరి పొట్టులో పెంచి అమ్మారు. రోజూ నీళ్లు పోస్తున్నా ఆకులు వాడేవి, ఎందుకో అర్థమయ్యేది కాదు. 2020 జూన్‌లో కుండీలోంచి పెకలించి చూస్తే, వేర్ల నడుమ పిడికెడు పొట్టు పిడకలా గట్టిపడి, పొడిపొడిగా ఉంది. నేను పోసిన నీళ్లన్నీ దాని పక్కనుంచే జారిపోయాయన్నమాట. చీపురుపుల్లతో గుచ్చి గుచ్చి దాన్ని తీయడానికి ఒక ఆదివారమంతా పట్టింది. తర్వాత ఇటుకలు శనగగింజంత ముక్కలుగా కొట్టి, దుమ్ము జల్లించి, సిండర్ (బొగ్గు కాలాక మిగిలే ముక్కలు), కొంచెం వర్మీకంపోస్టు కలిపి నాటాను. (ఆ జల్లెడను మా ఆవిడ మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.) జపాన్ నుంచి వచ్చే అకడమా మట్టి గొప్పదంటారు కానీ, ఆ ఖరీదు నాకు అనవసరమనిపించింది. ఇటుక ముక్కలతో నా చెట్టు హాయిగానే ఉంది.

కొనేవాళ్లు ముందు ఆలోచించుకోవాల్సింది నీళ్ల సంగతి. చెట్టున్న ట్రే లోతు రెండంగుళాలే. మే నెలలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్పదు. పైపైన పోస్తే చాలడం లేదని వారానికోసారి ట్రేతో సహా బకెట్ నీళ్లలో ముంచుతాను. బుడబుడమని బుడగలొస్తాయి, అవి ఆగాక తీస్తాను. ఒక వేసవిలో నాలుగు రోజులు పెళ్లికి వెళ్తూ పక్కింటివాళ్లకు తాళం ఇచ్చాను కానీ, పెళ్లిలో ఉన్నంతసేపూ ఇదే టెన్షన్.

అలవాటైంది కదా అని 2021లో ఒక జూనిపర్ కూడా కొన్నాను. అది చల్లటి ప్రాంతాల చెట్టు, మన ఎండలకు ఆగలేదు. పైగా లోపల చచ్చిపోయాక కూడా చాలా రోజులు పచ్చగానే కనబడి మోసం చేసింది. హైదరాబాద్‌లో దాని జోలికి పోకండి.

కొమ్మల్ని కావలసినట్టు వంచడానికి తీగ చుట్టడం గురించి వీడియోలు బోలెడున్నాయి. నేనూ ఒక కొమ్మకు అల్యూమినియం తీగ చుట్టి, వానాకాలమంతా మర్చిపోయాను. బెరడులో దిగిపోయిన మచ్చ ఇప్పటికీ మరమేకు గాడిలా ఉంది. ఇప్పుడు కత్తెరతోనే ఆకారం తెస్తున్నాను.

మరుగుజ్జు చెట్టు ఇంట్లో ఉంటే ఎదుగుదల ఉండదని అమ్మ మొదట్లో గొడవ పెట్టింది. ఇప్పుడు నేను మర్చిపోయిన రోజు తనే నీళ్లు పోస్తోంది.

మళ్లీ కొనమంటే ఇదే రకం కొంటాను. కాకపోతే ఇంటికి తెచ్చాక మొదటి జూన్‌లోనే మట్టి మారుస్తాను. ఈ వానల్లో ఒక కొమ్మ నుంచి దారమంత ఊడ దిగింది. గాలికి ఎండిపోకుండా కూల్‌డ్రింక్ స్ట్రా తొడిగి కిందికి దించుతున్నాను. మట్టి అందడానికి ఇంకా రెండంగుళాలు ఉంది.