క్రౌన్‌కీ గేర్‌బాక్స్‌కీ మాగ్నెట్ ప్లగ్గులు: నాలుగేళ్లు వాడాక

ఈ ఆరు టైర్ల బండిని 2020 చివర్లో సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. పలమనేరు నుంచి చెన్నైకి టమోటా, సీజన్లో చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి, మధ్యలో ఏ లోడు దొరికితే అది. 2021లో క్రౌన్‌కీ (వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే గుండు), గేర్‌బాక్స్‌కీ ఆయిల్ కన్నాలు మూసే పాత ప్లగ్గులు పీకేసి ఆరు పలకల తలున్న మాగ్నెట్ ప్లగ్గులు వేయించాను. మాగ్నెట్ కోసమే కొన్నాను గానీ, నాకు అసలు మేలు చేసింది ఆ ప్లగ్గుల తల.

ముందు పాత ప్లగ్గు సంగతి చెప్పాలి. మొగిలి ఘాట్ దిగుతూ యాక్సిలరేటర్ వదిలితే వెనక నుంచి గుయ్యిమని మోత మొదలైంది. క్రౌన్ ఆయిల్ చూద్దామని కిందికి దూరితే లెవెల్ ప్లగ్గు (ఆయిల్ ఎంతుందో చూసే కన్నం మూత) మూలలన్నీ అరిగి గుండ్రంగా ఉన్నాయి. ఏ పానా వేసినా జారిపోతోంది. నెల ముందే ఒక షెడ్డులో క్రౌన్ ఆయిల్ మార్చినట్టు బిల్లు కట్టాను. చూస్తే ప్లగ్గు చుట్టూ ఎండిన మట్టి పెచ్చు పెచ్చులాగే ఉంది. ఊడదీసి ఉంటే ఆ పెచ్చు అక్కడ ఎలా ఉంటుంది? ఆ డబ్బు పోయినందుకు కాదు, నెల రోజులు ఆయిల్ లేని క్రౌన్‌తో ఘాట్ ఎక్కించానే అని ఇప్పటికీ బాధ.

చిత్తూరులో నాకు అలవాటున్న మేస్త్రీ చూసి, "సామీ, ఉలి పెట్టి కొట్టి కొట్టి దీన్ని సంపేసినారు. నట్టు ఎల్డింగ్ పెడితే గాని రాదు" అన్నాడు. బ్యాటరీ వైర్లు విప్పి, ఎర్త్ క్లాంపు ప్లగ్గు పక్కనే హౌసింగ్‌కి తగిలించాడు. దూరంగా తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని కాలుస్తుందట. అరిగిన తల మీద నట్టు అతికించి, కాస్త చల్లారనిచ్చి పానా వేశాడు. కిర్రుమని తిరిగింది. కన్నంలో వేలు పెట్టి కిందికి వంచితే రెండో కణుపు దాకా ఆయిల్ తగల్లేదు. ఉండాల్సిన లెవెల్ కన్నం కింది అంచు దాకా. బ్రీతర్ మట్టితో పూడిపోయి ఉంది. ఆయిల్ వేడెక్కినప్పుడు లోపలి గాలి పోయే దారి లేక, ఆ ఒత్తిడికి పినియన్ (క్రౌన్‌ని తిప్పే చిన్న గేరు) సీలు దగ్గర కారిపోయింది. అదే చక్రం హబ్బు సీలు దగ్గర కారి ఉంటే బ్రేకు లైనర్లు తడిసి, ఘాట్‌లో బ్రేకు పట్టేది కాదు. పినియన్ బేరింగు, సీలు మార్చాం. క్రౌన్ దక్కింది.

ఆ రోజే కొత్త ప్లగ్గులు కొన్నాను. పాతది చేత్తో పట్టుకెళ్లి మర సరిపోల్చుకునే కొనండి, నోటితో సైజు చెప్పి తేవద్దు. అప్పటి నుంచి నెలకోసారి లెవెల్ చూస్తున్నాను. ఆరు పలకల బాక్సు పానా వేస్తే రెండు నిమిషాల పని. పన్నెండు పలకల రింగు పానా మూలల్ని తినేస్తుంది, దాన్ని ప్లగ్గుల దగ్గరికి రానివ్వను. బండి సమంగా ఉన్న చోట, నిలిపాక పావుగంట ఆగి చూడాలి. 2025 జూన్‌లో తోతాపురికి ధర లేక ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుస కదలనప్పుడు నేను చేసిన పని ఇదే. ఆయిల్ మార్చే రోజు మాత్రం ముందు పైనున్న, ఆయిల్ పోసే ఫిల్లర్ ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకోండి. కిందిది విప్పి ఆయిలంతా కార్చేశాక పైది రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది.

మాగ్నెట్ సంగతికొస్తే, ప్రతిసారీ దాని మీద కాటుక లాంటి బూడిదరంగు ముద్ద ఉంటుంది. దానికి భయపడక్కర్లేదు, తుడిచి వేసేయడమే. మూడో ఏడు గేర్‌బాక్స్ ప్లగ్గుకి బియ్యపు గింజంత ముక్క అంటుకుని వచ్చింది. విప్పించి చూస్తే ఒక గేరు పన్ను అంచు లేచి ఉంది, విరగక ముందే మార్చేశాం. ఇత్తడిని మాత్రం మాగ్నెట్ పట్టదు. గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు అరుగుతుంటే తీసిన ఆయిల్‌ని ఎండలో పట్టి చూడాలి, బంగారు పొడిలా మెరుస్తుంది. అందుకే గేర్‌బాక్స్‌లో కంపెనీ చెప్పిన గ్రేడే పోస్తాను. క్రౌన్‌కి జీఎల్-5 కావాలి గానీ, జీఎల్-4 చెప్పిన గేర్‌బాక్స్‌లో ఆ జీఎల్-5 పోస్తే ఇత్తడికి మంచిది కాదు.

లోపాలూ ఉన్నాయి. నేను కొన్న మొదటి జతలో ఒకదాని మాగ్నెట్ జిగురుతో అంటించిందే. ఏడాదికి ఊడి హౌసింగ్ అడుగున పడింది. అదృష్టం కొద్దీ ఆయిల్ కార్చే డ్రెయిన్ కన్నం దగ్గరే దొరికింది. తర్వాత అంచు మడిచి బిగించిన రకమే తీసుకున్నాను. ప్లగ్గుతో వచ్చిన వాషరు పల్చన, రెండు నెలల్లో ఆయిల్ చెమ్మ పట్టింది. రాగి వాషరు వేశాక ఆ బాధ లేదు. మళ్లీ వాడాల్సి వస్తే దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. ఇంకోటి, తల బయటికి పొడుచుకు వచ్చే రకం క్రౌన్ అడుగున వద్దు. కుప్పం వైపు క్వారీ దారిలో రాయి తగిలి నా ప్లగ్గు తల ఒక పక్క నలిగింది. పైన లెవెల్‌కి ఈ రకం, కింద డ్రెయిన్‌కి తల లోపలికి ఉన్న రకం, ఇప్పుడు నా బండికి ఇలాగే ఉన్నాయి. కింది దాని గుంతలో గ్రీజు కూరితే మట్టి పట్టదు.

బిగించడంలో బలం చూపించొద్దు. గేర్‌బాక్స్ అల్యూమినియం అయితే ముందు పోయేది కేసింగ్ మరే. పానాకి పైపు తొడిగి బిగించే క్లీనర్లని నేనే ఆపుతుంటాను, "అబ్బోడా, కారకుంటే చాలు" అని. ఇంకో జత ప్లగ్గులు, నాలుగు రాగి వాషర్లు గుడ్డలో చుట్టి టూల్ బాక్సులో పెట్టుకున్నాను.