ఎమోజీలు, రియాక్షన్లు, నీలి టిక్కులు: ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను. ఫోన్‌లో మాటలకు తోడుగా వాడే గుర్తులన్నిటిలో నాకు బాగా పనికొచ్చింది రియాక్షన్, అంటే వచ్చిన మెసేజ్‌కే అంటించే ఎమోజీ. మనశ్శాంతి పోగొట్టింది మెసేజ్ చదివేశారని చూపే నీలి టిక్. ఎమోజీల గురించి మాత్రం ఒక్క ముక్కలో తేల్చలేను. ఎవరికి పంపుతున్నాం, వాళ్ల చేతిలో ఏ ఫోన్ ఉంది అన్నదాన్ని బట్టి అవి ఒక్కోసారి ప్రాణం నిలబెడతాయి, ఒక్కోసారి గొడవ తెస్తాయి. బటన్ల ఫోన్ రోజుల నుంచి ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో, ఆఫీసులో వీటిని రోజూ వాడుతున్నాను. ఇక్కడ రాస్తున్నది ఆ అనుభవం నుంచే.

బటన్ల ఫోన్‌లో నవ్వు అంటే ఒక కోలన్, ఒక గీత, ఒక బ్రాకెట్. అంతే. ఆ మూడు గుర్తుల వాడకం 1982 సెప్టెంబరు 19న అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో స్కాట్ ఫాల్మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త పెట్టిన సందేశంతో మొదలైంది. అక్కడి ఎలక్ట్రానిక్ బోర్డు మీద లిఫ్టులో పాదరసం ఒలికిందని ఎవరో సరదాగా రాస్తే, కొందరు దాన్ని నిజమైన హెచ్చరిక అనుకున్నారు. సరదా మాటకు పక్కన ఈ గుర్తు పెడదాం అని ఆయన సూచించారు. నలభై ఏళ్లు దాటినా మన అవసరం అదే. రాత మనిషి గొంతును మోయలేదు. "సరేలే" అన్న మాట ప్రేమగానూ అనొచ్చు, అలిగీ అనొచ్చు. పక్కన చిన్న నవ్వు ముఖం ఉంటే చదివేవాళ్లకు టెన్షన్ ఉండదు. ఈ ఒక్క పనికే ఎమోజీకి నేను మంచి మార్కులు వేస్తాను.

ఇప్పటికీ ఎస్ఎంఎస్ వాడేవాళ్లకు ఒక సంగతి. మామూలు ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి. అందులో ఒక్క ఎమోజీ చేరినా మెసేజ్ మొత్తం వేరే పద్ధతిలోకి మారి 70కి దిగిపోతుంది. తెలుగులో రాసేవాళ్లకు మొదటి నుంచీ 70యే. ఒక మెసేజ్ అనుకుని పంపింది రెండు మూడు ముక్కలై, అన్నిటికీ డబ్బులు పడతాయి. నెట్ సరిగ్గా లేని చోట నుంచి పంపేటప్పుడు నేను ఎమోజీ పెట్టను.

ఇప్పుడు మనం చూస్తున్న రంగుల బొమ్మల వెనక జపాన్ ఫోన్లు ఉన్నాయి. 1999లో ఎన్‌టీటీ డొకోమో కంపెనీ ఐ-మోడ్ అనే మొబైల్ ఇంటర్నెట్ సర్వీసు కోసం షిగెటకా కురిటా 176 గుర్తులు తయారు చేశారు. ఒక్కోటీ అడ్డంగా 12, నిలువుగా 12 చుక్కల గడిలో పట్టాలి. అంత చిన్న చోట ఎండ, వాన, గుండె, ముఖం అన్నీ ఇమిడ్చారు. 2010లో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే నంబర్లు ఇచ్చే ప్రమాణం) 6.0 వెర్షన్ వందల ఎమోజీలకు అధికారికంగా నంబర్లు ఇచ్చింది. ఆ తర్వాతే ఒక కంపెనీ ఫోన్ నుంచి ఇంకో కంపెనీ ఫోన్‌కు ఇవి చెడిపోకుండా వెళ్లడం మొదలైంది. ఇప్పుడు వాటి సంఖ్య 3,900 దాటింది. నేను వాడేవి అందులో పాతిక కూడా ఉండవేమో.

ఎమోజీ వాడే ప్రతివాళ్లకూ తెలియాల్సిన అసలు విషయం ఈ నంబర్లదే. మనం పంపేది బొమ్మ కాదు. చీటీ మీద నంబర్ రాసి పంపుతాం, బొమ్మ గీసేది అవతలి ఫోన్. ఏ ఫోన్‌కు ఆ ఫోన్ తనదైన తీరులో దాన్ని గీస్తుంది. 2016లో ఆపిల్ తన ఫోన్లలో పిస్టల్ బొమ్మను నీళ్ల తుపాకీగా మార్చేసింది. మిగతా పెద్ద కంపెనీల్లో చాలావరకు 2018లో గానీ మార్చలేదు. ఆ మధ్యకాలంలో ఒకరు ఆటగా పంపిన నీళ్ల తుపాకీ ఇంకొకరి తెర మీద అసలు తుపాకీగా దిగేది. పంపినవాళ్లకు అది తెలిసే దారే లేదు.

ఇది మా ఇంట్లోనూ జరిగింది. కళ్లు పైకి తిప్పే ముఖం ఒకటుంటుంది కదా. మా తమ్ముడి పాత ఫోన్‌లో అది ఏదో మంచి విషయం తలచుకుని మురిసిపోతున్నట్టు ఉండేది, పెదాల మీద నవ్వు కూడా. అక్క ఏదో ప్లాన్ చెబితే "నువ్వెలా అంటే అలా" అని రాసి ఆ ముఖం పెట్టాడు. అక్క ఫోన్‌లో అదే ముఖం "అబ్బా, ఇక ఆపు" అన్నట్టు విసుగ్గా దిగింది. రెండు రోజులు సరిగ్గా మాట్లాడుకోలేదు. చివరికి రెండు ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, అదే మెసేజ్ రెండిటిలోనూ తెరిచి చూస్తే గానీ ఎవరి తప్పూ లేదని తెలియలేదు. ఇప్పుడు కంపెనీల బొమ్మలు ఒకదానికొకటి చాలా దగ్గరయ్యాయి. అయినా పాత ఫోన్ వాడేవాళ్లు ఇంకా ఎంతోమంది ఉన్నారు, వాళ్ల దగ్గర పాత బొమ్మలే ఉంటాయి.

బొమ్మ ఒకేలా కనబడినా చూసే కళ్లు వేరు. పెద్దమ్మను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లారని అన్నయ్య గ్రూపులో పెట్టగానే బాబాయి "అయ్యో" అని రాసి, పక్కన వరసగా మూడు ముఖాలు పెట్టారు. మూడూ కన్నీళ్లు వచ్చేలా పకపకా నవ్వే ముఖాలు. వదిన మనసు చివుక్కుమంది, గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదు. నేను బాబాయికి ఫోన్ చేసి అడిగితే "ఏడుపు బొమ్మే కదమ్మా, కళ్లలో నీళ్లున్నాయిగా" అన్నారు. పాపం, ఆయన చూసింది నీళ్లే. వాక్యం పక్కన ఎమోజీ అక్షరమంత సైజులోనే ఉంటుంది. ఆ సైజులో నవ్వే ముఖానికీ, భోరున ఏడ్చే ముఖానికీ తేడా పట్టాలంటే నోరు చూడాలి. నవ్వే ముఖంలో పళ్లు కనిపిస్తాయి, కన్నీళ్లు కళ్ల చివర చెరో చుక్కగా ఆగుతాయి. ఏడ్చే ముఖంలో కన్నీళ్లు బుగ్గల మీదుగా ధారగా కారుతాయి. పైగా నవ్వే ముఖం అందరూ ఎక్కువగా వాడేది కాబట్టి చాలా కీబోర్డుల్లో ముందు వరసలోనే వేలికి తగులుతుంది. 2015లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీల వాళ్లు ఆ ఏటి మాటగా ఎంచుకున్నది కూడా ఈ బొమ్మనే.

బాబాయే వదినకు ఫోన్ చేసి మాట్లాడారు, విషయం అక్కడితో సర్దుకుంది. తర్వాత ఆయన ఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి అక్షరాల సైజు పెంచాను. అక్షరాలతో పాటు ఎమోజీలూ పెద్దవవుతాయి. ఇంట్లో పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరూ ఈ ఒక్క మార్పు చేసిపెట్టాలని నా కోరిక. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల్లోపు ఎడిట్ చేసుకోవచ్చని, ఆ తర్వాత కూడా కొంత సమయం వరకు అందరికీ కనబడకుండా డిలీట్ చేయొచ్చని కూడా నేర్పించాను. ఇప్పుడు బాబాయి చెడు వార్తకు బొమ్మలు పెట్టరు, నేరుగా ఫోన్ చేస్తారు.

బొటనవేలి గుర్తు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. నా తరానికి అది "సరే". మా ఆఫీసులో చేరిన కుర్రవాళ్లకు మాత్రం అది మాట తుంచేసినట్టు, మొహం మీద తలుపు వేసినట్టు అనిపిస్తుందట. ఇద్దరిలో ఎవరిదీ తప్పని నేననను. అయితే డబ్బు, గడువు, ఒప్పందం లాంటి చోట్ల మాత్రం ఈ గుర్తుకు దూరంగా ఉండాలి. 2021లో కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రంలో ఒక రైతుకు అవిసె గింజల కొనుగోలు కాంట్రాక్టును ఫోన్‌లో పంపితే ఆయన బొటనవేలి ఎమోజీతో జవాబిచ్చారు. గింజలు అందక కొనేవాళ్లు కేసు పెడితే, కాంట్రాక్టు అందిందని మాత్రమే తన ఉద్దేశమని ఆయన వాదించారు. 2023లో కోర్టు దాన్ని సంతకంతో సమానంగా ఒప్పుకుని 82 వేల కెనడా డాలర్లకు పైగా చెల్లించమంది. ఇది చదివినప్పటి నుంచి పని విషయాల్లో నేను పూర్తి వాక్యమే రాస్తున్నాను. "చూశాను, రేపు చదివి చెబుతాను" అని ఒకసారి, "ఒప్పుకుంటున్నాను, శుక్రవారానికి ఇస్తాను" అని ఇంకోసారి. ఈ రెండిటికీ మధ్య ఎంత దూరముందో బొటనవేలు చెప్పదు.

రియాక్షన్‌కు ఆ బరువు లేదు, అందుకే అది నాకు నచ్చింది. వాట్సాప్‌లో 2022లో ఇది వచ్చినప్పుడు ఆరే ఎమోజీలు ఉండేవి, కొన్ని వారాల్లోనే ఏ ఎమోజీ అయినా పెట్టుకునేలా మార్చారు. అంతకుముందు పెద్ద గ్రూపులో ఎవరైనా శుభవార్త పెడితే అభినందనలు వరద కట్టేవి, వాటి కింద అసలు విషయం ఎక్కడో మునిగిపోయేది. ఇప్పుడు అవన్నీ ఆ ఒక్క మెసేజ్ కిందే ఒదుగుతాయి. చెప్పడానికి కొత్త మాట లేనప్పుడు, చదివానని మాత్రం తెలియజేయాలనుకున్నప్పుడు ఇంతకన్నా మర్యాదైన పద్ధతి నాకు దొరకలేదు. వేలు జారి తప్పు గుర్తు పడితే దాని మీదే మళ్లీ నొక్కి తీసేయొచ్చు. ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడుతుంటే ఫోన్ మోగుతూనే ఉంటుందని విసుక్కునేవాళ్లు రియాక్షన్ నోటిఫికేషన్లు ఒక్కటే ఆపుకోవచ్చు, సెట్టింగ్స్‌లో ఉంది.

నీలి టిక్‌ను మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేను. ఒక బూడిదరంగు టిక్ అంటే మెసేజ్ మన దగ్గర నుంచి వెళ్లింది. రెండు అంటే అవతలి ఫోన్‌కు చేరింది. ఇక్కడి వరకు ఎవరికీ ఇబ్బంది లేదు, నిజంగా పనికొచ్చే సమాచారం. 2014 నవంబరులో రెండు టిక్కులూ నీలంగా మారి, చదివేశారని చెప్పడం మొదలైనప్పటి నుంచే గొడవ. చదివినట్టు చూపిస్తుంది, జవాబు రాదు, మనసు ఏదేదో ఊహించుకుంటుంది. చదివిన మనిషి బండి నడుపుతున్నారో, పిల్లకు అన్నం తినిపిస్తున్నారో, జవాబు ఆలోచిస్తున్నారో ఆ రంగుకు తెలియదు. చాలా ఏళ్లుగా నేను దాన్ని ఆపేసే ఉంచాను. ఆపితే మనకూ అవతలివాళ్లు చదివింది కనబడదు, నాకు అదే కావాలి. గ్రూపుల్లో మాత్రం ఇది ఆగదు, వాయిస్ మెసేజ్ విన్న సంగతి కూడా దాగదు. ఆపేసినా ఎక్కడో ఎవరో చూస్తూనే ఉన్నారన్నట్టు ఉంటుంది. ఈ విషయంలో యాప్ చేసినవాళ్లు పూర్తిగా మన ఇష్టానికి వదిలేయాల్సింది.

తెలుగు రాసేవాళ్లకు ఆసక్తిగా ఉండే విషయం ఒకటుంది. అమ్మ, నాన్న, పాప కలిసి ఉన్న కుటుంబం ఎమోజీ నిజానికి ఒక్క గుర్తు కాదు. ముగ్గురు విడివిడి మనుషులు, మధ్యలో కంటికి కనబడని జోడింపు అక్షరాలు. ఆ జోడింపు తెలియని పాత ఫోన్‌లో ముగ్గురూ విడిపోయి వరసగా నిలబడతారు. కొన్ని యాప్‌లలో బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే పాప ఒక్కతే మాయమవుతుంది, అమ్మానాన్నలు మిగులుతారు. ఈ జోడింపు అక్షరానికి తోబుట్టువు లాంటి ఇంకో కనబడని అక్షరాన్ని మనం రోజూ వాడుతున్నాం. "సాఫ్ట్‌వేర్" అని రాసినప్పుడు ట కింద వ వత్తు పడకుండా అడ్డుకునేది అదే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను స్తంభింపజేసిన తెలుగు అక్షరం కథలోనూ అది ఉంది. జ కింద ఞ వత్తు, తర్వాత ఆ కనబడని అక్షరం, ఆ తర్వాత దీర్ఘం. ఈ వరస తెర మీదకు వస్తే చాలు, యాప్ కుప్పకూలేది. అదే నెలలో ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అనే అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది. మన లిపి ఎంత సున్నితంగా కూర్చబడుతుందో ప్రపంచమంతా ఆ వారం తెలుసుకుంది.

పాత ఫోన్లలో కొత్త ఎమోజీల చోట ఖాళీ డబ్బాలు కనబడే బెడద కొంత తగ్గింది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఫోన్ మొత్తం అప్‌డేట్ కాకపోయినా ఫాంట్ ఒక్కటీ విడిగా అప్‌డేట్ అయ్యే ఏర్పాటు ఉంది. అంతకన్నా పాతవాటికి ఈ వీలు లేదు. డబ్బా కనబడిందంటే అవతలివాళ్లు ఏదో పంపారు, మన ఫోన్‌కు అది తెలియదు అని అర్థం. ఏం పంపారని అడగడంలో నామోషీ అక్కర్లేదు.

స్టిక్కర్లు, జిఫ్‌లు నేను పెద్దగా వాడను. సరదాగా ఉంటాయి, కానీ స్టిక్కర్ బొమ్మగానే వెళుతుంది కాబట్టి అందరికీ ఒకేలా కనబడుతుంది. ఆ ఒక్క విషయంలో ఎమోజీ కన్నా నయం.

కంటిచూపు లేని నా స్నేహితురాలు ఫోన్‌ను వింటూ వాడుతుంది. ఆమె పక్కన కూర్చుని వినే వరకు ఎమోజీలు అలా కూడా చేరతాయని నేను ఆలోచించలేదు. స్క్రీన్ రీడర్ ప్రతి బొమ్మ పేరూ పైకి చదువుతుంది. వాక్యం మధ్యలో పువ్వులు, గుండెలు చల్లితే ఆమెకు ఒక్కో మాట తర్వాత ఒక్కో బొమ్మ పేరు వినిపించి, అసలు వాక్యం తెగిపోతుంది. వాక్యం పూర్తయ్యాక ఒకటో రెండో ఉంటే తనకూ ఇష్టమే, "నువ్వు నవ్వుతున్నావని నాకూ తెలియాలిగా" అంది. అప్పటి నుంచి ఆమెకే కాదు, ఎవరికి రాసినా బొమ్మను చివరకే పెడుతున్నాను. చదవడానికి కూడా అలాగే బాగుంది.

ఇన్నేళ్ల వాడకం తర్వాత ఫోన్లు చేసేవాళ్లను నేను అడిగేది ఒకటుంది. యూనికోడ్ వాళ్ల భాషా సమాచార భండారంలో ఎమోజీలకు తెలుగు పేర్లు కూడా సిద్ధంగా ఉన్నాయి. వచ్చిన ఎమోజీ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఆ పేరు తెలుగులో, పెద్ద అక్షరాల్లో కనబడేలా ప్రతి మెసేజ్ యాప్‌లోనూ పెట్టాలి. పంపేముందు కీబోర్డులో కూడా. బాబాయికి ఆ రోజు కావాల్సింది "సంతోషంతో కన్నీళ్లు" అన్న రెండు మాటలే.