డైరెన్వ్: నాలుగేళ్ల వాడకం తర్వాత

డైరెన్వ్ అంటే ఏ ఫోల్డర్‌కి కావాల్సిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాములు చదువుకునే సెట్టింగులు) ఆ ఫోల్డర్లో ఉన్నంతసేపే టెర్మినల్‌లో ఉండేలా చూసే చిన్న టూల్. ముందు ఇది నా లాప్‌టాప్‌లోకి ఎందుకొచ్చిందో చెప్తాను. ఒక శుక్రవారం సాయంత్రం క్లయింట్‌కి టెస్టింగ్ బిల్డ్ పంపేసి బ్యాగు సర్దుకుంటుంటే ఫోన్, టెస్టింగ్ సైటులో నిజం కస్టమర్ల ఆర్డర్లు కనిపిస్తున్నాయని. స్టేజింగ్ (అదే, టెస్టింగ్ సైటు) సెట్టింగులు ఉండే ఎన్వ్ ఫైల్ తెరిచి చూస్తే యూఆర్‌ఎల్ సరిగ్గానే ఉంది. మళ్లీ బిల్డ్ చేశాను, మళ్లీ అదే కథ. రెండు గంటలు తల బద్దలు కొట్టుకున్నాక దొరికింది దొంగ: పొద్దున ఏదో బగ్ చూడ్డానికి అదే టెర్మినల్ ట్యాబ్‌లో ప్రొడక్షన్ (అసలు సైటు) యూఆర్‌ఎల్‌ని ఎక్స్‌పోర్ట్ కమాండ్‌తో వేరియబుల్‌గా పెట్టి మర్చిపోయాను. మా ఫ్రంటెండ్ వీట్ అనే బిల్డ్ టూల్ మీద ఉంది, వీట్ దగ్గర షెల్‌లో (టెర్మినల్‌లో మన కమాండ్లు నడిపేది) ముందే ఉన్న వేరియబుల్‌దే పైచేయి, ఎన్వ్ ఫైల్లో ఏం రాసుకున్నా దాన్ని కదపదు. పైగా ఆ విలువ బిల్డ్ అయ్యేటప్పుడే జావాస్క్రిప్ట్‌లోకి అచ్చు గుద్దినట్టు ఎక్కిపోతుంది కాబట్టి సర్వర్లో సెట్టింగ్ మార్చి బయటపడదామన్నా కుదరదు.

ఆ సోమవారమే డైరెన్వ్ పెట్టాను. పని చిన్నదే. ప్రతి ప్రాజెక్టు ఫోల్డర్లో ఎన్వ్‌ఆర్‌సీ అని ఒక ఫైల్ ఉంటుంది, సీడీ కొట్టి లోపలికి వెళ్లగానే అందులోని వేరియబుల్స్ ఎక్కుతాయి, బయటికి రాగానే దిగిపోతాయి. ఏవి ఎక్కాయో టెర్మినల్‌లో ప్లస్ గుర్తులతో పేర్లు చూపిస్తుంది, విలువలు మాత్రం చూపించదు. చేత్తో ఎక్స్‌పోర్ట్ కొడితే ఇది కూడా ఆపలేదు, ఆ మాట ముందే చెప్పాలి. కానీ చేత్తో కొట్టే అవసరమే నాకు పోయింది. ప్రొడక్షన్ చూడాలంటే గిట్ వర్క్‌ట్రీతో (అదే ప్రాజెక్టుకి ఇంకో ఫోల్డర్ ఇచ్చే సదుపాయం) వేరే ఫోల్డర్ పెట్టుకున్నాను, దాని విలువలు దానివి.

అసలు సుఖం ఆండ్రాయిడ్ దగ్గర తెలిసింది. మాకు ఒక పాత యాప్ జావా 11 మీద నడుస్తోంది, కొత్తదాన్ని బిల్డ్ చేసేది ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8 కాబట్టి జావా 17 లేకపోతే బిల్డ్ మొదలే కాదు. అంతకుముందు బాష్‌ఆర్‌సీలో (షెల్ మొదలవగానే చదివే ఫైల్) ఏ జావా వాడాలో చెప్పే రెండు జావా హోమ్ లైన్లు పెట్టుకుని, ఒకదానికి హాష్ తగిలించి ఇంకోదానికి తీసేసి, సోర్స్ చేసి, రోజుకి నాలుగుసార్లు ఇదే తంతు. ఇప్పుడు ఏ ఫోల్డర్ జావా ఆ ఫోల్డర్‌ది. దీనికోసమైనా పెట్టుకోవచ్చంటాను.

సణుగుడు కూడా ఉంది. ఎన్వ్‌ఆర్‌సీలో ఒక్క అక్షరం మార్చినా బ్లాక్ అయిందంటుంది, డైరెన్వ్ అలౌ కొట్టేదాకా ఏదీ ఎక్కదు. మొదటి నెల విసుగొచ్చింది. కానీ ఆ ఫైల్ నిజానికి బాష్ స్క్రిప్ట్, ఎవరి రిపోనో క్లోన్ చేసి లోపలికెళ్లగానే అందులో రాసిందల్లా నడిచిపోతే ఎలా? మొన్న టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, అలౌ అడుగుతోంది, కొట్టెయ్యనా?" అన్నాడు. ముందు ఫైల్ చదువు, తర్వాత కొట్టు అన్నాను.

నాకు నిజంగా కోపం తెప్పించింది వేరే. లోపలి ఫోల్డర్లో ఇంకో ఎన్వ్‌ఆర్‌సీ పెడితే పైదాన్ని పట్టించుకోదు, సోర్స్ అప్ అని ఒక లైన్ మనమే రాయాలి, అది తెలియక సగం రోజు పోయింది. ఎలియాస్‌లు (కమాండ్లకి మనం పెట్టుకునే పొట్టి పేర్లు) కూడా పనిచేయవు, ఎందుకంటే ఫైల్‌ని పక్కన వేరే బాష్‌లో నడిపి వేరియబుల్స్ మాత్రమే మన షెల్‌కి తెస్తుంది.

పాస్‌వర్డులు, టోకెన్లు ఎన్వ్‌ఆర్‌సీలో రాయను. అది గిట్‌లోకి వెళ్తుంది. రహస్యాలన్నీ గిట్‌లోకి వెళ్లకుండా గిట్ఇగ్నోర్‌లో ఉన్న ఎన్వ్ ఫైల్లో పెట్టి, అది ఉంటే చదువు లేకపోతే ఊరుకో అనే లైన్ ఒకటి ఎన్వ్‌ఆర్‌సీలో పైన రాస్తాను. దాని పక్కన పేర్లు మాత్రమే ఉన్న ఖాళీ నమూనా ఫైల్ ఒకటి గిట్‌లో ఉండాల్సిందే, ఎందుకంటే ఇది మనల్ని బాగా బద్ధకస్తుల్ని చేస్తుంది. కొత్త వేరియబుల్ కలిపి, మన దగ్గర చక్కగా నడుస్తోంది కదా అని పుష్ చేస్తాం, సీఐలో (పుష్ చేయగానే తనంతట తానే బిల్డ్ చేసే సర్వర్) అది ఉండదు, బిల్డ్ ఢమాల్. ఇంకా ఘోరం, కొన్నిసార్లు ఢమాల్ అనకుండా ఖాళీ యూఆర్‌ఎల్‌తో పచ్చటిక్కు వస్తుంది. అందుకే బిల్డ్ స్క్రిప్ట్ మొదట్లోనే కావాల్సినవి లేకపోతే ఆగిపో అని రాసేశాను. డైరెన్వ్ చేయని పని అది, చేస్తుందని ఆశపడకండి.

ఒక్క విషయానికి మాత్రం ఇంకా అలవాటు పడలేదు. డెస్క్‌టాప్ మీద బొమ్మ నొక్కి ఐడీఈ (కోడ్ రాసుకునే ప్రోగ్రామ్) తెరిస్తే ఈ వేరియబుల్స్ ఏవీ దానికి అందవు, అది మన షెల్ లోంచి పుట్టలేదు కదా. వీఎస్ కోడ్‌కి ఎక్స్‌టెన్షన్ ఉంది, పర్వాలేదు. ఆండ్రాయిడ్ స్టూడియోని మాత్రం నాలుగేళ్లుగా టెర్మినల్ నుంచే లేపుతున్నాను, వారానికోసారి మర్చిపోయి బొమ్మే నొక్కుతాను.