మా మనవడి బడిలో స్పీచ్ థెరపీ: ఐదుకు నాలుగు

మాది హిందూపురం. పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక బెంగళూరు కె.ఆర్.పురంలో కూతురి దగ్గర ఉంటున్నాను. మనవడు రెండో తరగతి. ఇంట్లో తెలుగు, కింద ఆడుకునే పిల్లలతో కన్నడ, బడిలో ఇంగ్లీషు. వాడికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. "కోడి" అనమంటే "తోడి" అంటాడు. జరిగింది చెప్పమంటే మధ్యలో ఎత్తుకుని మధ్యలోనే వదిలేస్తాడు. "మూడు భాషలతో పిల్లాణ్ణి తికమక పెడుతున్నారు, తెలుగు మానేయండి" అని అపార్ట్‌మెంట్‌లో చెప్పనివాళ్లు లేరు.

ముందు ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపించాం. అక్కడ బొమ్మలు చూపించి ఇంగ్లీషులోనే పేర్లు అడిగారు. రిపోర్టులో "ఇస్కూలు" అన్నాడని ఒక తప్పు, "బస్సు" అని చివర ఉకారం పెట్టాడని ఇంకో తప్పు. ఆ లెక్కన మా హిందూపురంలో సగం మంది థెరపీకి పోవాలి.

ఈ విద్యా సంవత్సరం బడిలోనే ఒక బృందం పని మొదలుపెట్టింది. స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి, బడి స్పెషల్ ఎడ్యుకేటర్ (చదువులో ఇబ్బంది ఉన్న పిల్లలకు సాయపడే టీచరు), వీళ్లకు తోడు క్లాసు టీచరు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న పిల్లల మీద వాళ్ల పరిశోధన. వినగానే నాకు టెన్షనే, మా వాడి మీద ప్రయోగాలు చేస్తారేమోనని. పైగా అంగీకార పత్రం ఇంగ్లీషులోనూ కన్నడలోనూ ఉంది. నాకు తెలుగులో కావాలన్నాను. ఆ అమ్మాయి కూర్చుని ప్రతి లైనూ తెలుగులో చెప్పింది, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తప్పుకోవచ్చని కూడా. ఆమెది కర్నూలు వైపు, నన్ను "అవ్వా" అనే పిలుస్తుంది.

మొదట వినికిడి పరీక్ష చేయించారు. అది బాగానే ఉంది. తర్వాత వాణ్ణి మూడు భాషల్లోనూ మాట్లాడించి రికార్డు చేశారు. నాకు ఆశ్చర్యమనిపించింది ఏమిటంటే, నా మాట కూడా రికార్డు చేశారు. పిల్లాడు "యాడికి పోతాండావు" అంటే అది లోపమా, ఇంటి యాసా అని తేల్చాలంటే ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలియాలి కదా అంది ఆ కర్నూలు అమ్మాయి. ఆ మాటతో నాకు నమ్మకం కుదిరింది.

అన్నీ విన్నాక "ఇస్కూలు"ని కొట్టేశారు. "క"కు "త" పలకడం మాత్రం మూడు భాషల్లోనూ ఉంది. కథ వరుసగా చెప్పలేకపోవడమూ అంతే. భాషలోనే ఇబ్బంది ఉన్న పిల్లలకు అది వచ్చిన ప్రతి భాషలోనూ కనిపిస్తుందని, రెండు మూడు భాషలు నేర్చుకోవడం వల్ల ఆ ఇబ్బంది పుట్టదని థెరపిస్టు చెప్పింది. ఇంట్లో తెలుగు మాట్లాడటం ఆపొద్దంది. (ఈ ముక్క మా పక్కింటావిడకు రెండుసార్లు చెప్పాను.) దీన్ని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అని పిలవాలని 2017లో థెరపిస్టులు, సైకాలజిస్టులు, పిల్లల డాక్టర్లు, విద్యారంగం వాళ్లు కలిసి ఒప్పుకున్నారట. బ్రిటన్, అమెరికా అధ్యయనాల్లో ఇది దాదాపు 7 శాతం పిల్లల్లో కనిపించింది. మా వాడికి ఆ పేరు పెట్టడానికి వీళ్లు తొందరపడలేదు.

చదవడం ఎలా ఉందో స్పెషల్ ఎడ్యుకేటర్ చూసింది. మనేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ తయారుచేసిన 'డాలి' అనే డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చింది. వాటిలో తెలుగు లేదు. మాటల పరీక్షకైతే తెలుగు పదాల జాబితా వీళ్లే కూర్చుకున్నారు, కొన్ని పదాలు నన్ను అడిగి మార్చారు.

అసలు గొడవ థెరపీ టైం దగ్గర వచ్చింది. థెరపిస్టు లెక్కల పీరియడ్ అడిగింది, క్లాసు టీచరు ససేమిరా అంది. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. చివరికి థెరపీకి పదాలు ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) పాఠం నుంచే తీసుకోవాలని, వారంలో ఒక సెషన్ క్లాసులోనే జరగాలని తేల్చుకున్నారు. టీచరుకు చిన్న కార్డు ఇచ్చారు: ప్రశ్న అడిగాక కాసేపు ఆగండి, రెండు పనులు ఒకేసారి చెప్పకండి, తప్పు పలికితే మళ్లీ అనమని పట్టుబట్టకుండా మీరు సరిగ్గా అని ముందుకు పోండి. ఇంట్లో మేమూ అదే పాటిస్తున్నాం. ఇంతకుముందు నేను "క అను, క అను" అని వెంటపడితే వాడు అసలు నోరే తెరిచేవాడు కాదు.

ఇప్పుడు "కోడి" విడిగా అడిగితే బాగానే అంటాడు, హడావుడిలో జారుతుంది. క్లాసులోకి కుక్క వచ్చిన సంగతి మొన్న మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఎవరు తరిమారో మాత్రం రోజుకో పేరు చెబుతున్నాడు.

ఒక నక్షత్రం ఎందుకు కోశానంటే, రిపోర్టు ఇంగ్లీషులో దట్టంగా ఉంది, నాలాంటి వాళ్లకు ఒక పేజీ తెలుగులో ఇస్తే ఏం పోతుంది? రెండో సెషన్ ఆటల పీరియడ్‌లో పెట్టారు, వాడికి అది శిక్షలా ఉంది. ఏప్రిల్, మే సెలవుల్లో అంతా ఆగిపోతుంది. పరిశోధన నిధులు అయిపోయాక ఏమిటని అడిగితే బడి వాళ్లు సూటిగా చెప్పలేదు.

ఫీజు బడి తీసుకోవడం లేదు. మీ పిల్లల బడిలో ఇలాంటిది మొదలైతే థెరపిస్టుకు ఆర్.సి.ఐ. (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, క్లాసు టీచరు మీటింగుల్లో కూర్చుంటుందా అనీ అడగండి. వినికిడి పరీక్ష కాగితం ఉంటే దగ్గర పెట్టుకోండి, మొదటి రోజే అడుగుతారు.