తెలుగు పాఠకులకు గుడ్‌రీడ్స్ ఎంతవరకు పనికొస్తుంది?

ఫేస్‌బుక్ గ్రూపులోనో వాట్సాప్ గ్రూపులోనో ఒక నవల గురించి ఎంత చక్కగా రాసినా ఆ మాటకు ఆయుష్షు రెండు మూడు రోజులే. ఆర్నెల్ల తర్వాత అదే నవల చేతికి తీసుకున్న మరో పాఠకుడికి అది వెతికినా దొరకదు. చదివిన పుస్తకాల జాబితా పెట్టుకొని వాటి మీద అభిప్రాయాలు రాసుకునే వెబ్‌సైటు గుడ్‌రీడ్స్. దాన్ని నేను కొన్నేళ్లుగా వదలకుండా వాడటానికి మొదటి కారణం ఇదే. ఇక్కడ రాసిన అభిప్రాయం ఆ పుస్తకం పేజీనే అంటిపెట్టుకొని ఉంటుంది కాబట్టి, పదేళ్ల క్రితం ఎవరో రాసిన నాలుగు వాక్యాలు కూడా ఈరోజు ఆ పుస్తకం కోసం వెతికినవారి కంట పడతాయి. తెలుగు పుస్తకాలు చదివేవారికీ, ముఖ్యంగా కథో నవలో రాయాలని ప్రయత్నిస్తున్న కొత్తవారికీ ఈ సేవ ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నది ఈ సమీక్షలో చెప్పదలిచాను.

ఒటిస్ చాండ్లర్, ఎలిజబెత్ ఖురీ 2006 డిసెంబరులో మొదలుపెట్టి, మరుసటి నెలలో అందరికీ అందుబాటులోకి తెచ్చిన ఈ సేవను 2013లో అమెజాన్ కొనుగోలు చేసింది. వాడుకోవడం ఉచితం. చదివినవి, చదువుతున్నవి, చదవాలనుకుంటున్నవి వంటి అరలు ముందే ఉంటాయి, మనకు కావలసిన పేర్లతో మరిన్ని చేర్చుకోవచ్చు. ఒక పుస్తకాన్ని రెండోసారి చదివితే ఆ తేదీలనూ విడిగా నమోదు చేసుకోవచ్చు. ఏడాదికి ఇన్ని పుస్తకాలు చదవాలని లక్ష్యం పెట్టుకునే ఏర్పాటు చాలామందికి ఇష్టం గాని, నాకు మాత్రం అది మేలు చేస్తుందనిపించదు. లెక్క కోసం చదివేవారు డిసెంబరు వచ్చేసరికి పలచటి పుస్తకాలు వెతుక్కోవడం మొదలుపెడతారు, ఆరు వందల పేజీల నవల అరలోనే ఉండిపోతుంది.

అసలు విషయం వేరే ఉంది. మన దగ్గర ఒక కొత్త రచయిత పుస్తకం బయటికి వచ్చే తీరు గమనించండి. లోపల రెండు మూడు ముందుమాటలు ఉంటాయి, అవి రాసినవారు రచయితకు గురువులో మిత్రులో అయి ఉంటారు. ఆవిష్కరణ సభలో మాట్లాడేవారు కూడా దాదాపు ఆ బృందంలోనివారే. పత్రికలో సమీక్ష వస్తే సగం స్థలం కథల పేర్లు చెప్పడానికే సరిపోతుంది, చివర్లో అందరూ చదవదగ్గ పుస్తకం అన్న మాటతో అది ముగుస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, తెలిసినవాళ్ల పుస్తకాన్ని అభిమానంతోనే పలకరిస్తాం. కాని రాయడం నేర్చుకుంటున్న మనిషికి, తన ముఖం కూడా తెలియని పాఠకుడు ఏ పేజీ దగ్గర విసిగిపోయాడో, ఏ పాత్రను నమ్మలేకపోయాడో చెప్పే మాట ఈ పద్ధతిలో ఎక్కడా చెవిన పడదు. గుడ్‌రీడ్స్‌లో దొరికేది ఆ మాటే. రచయితతో ఏ మొహమాటమూ లేనివాళ్లు, సొంత డబ్బుతో కొనుక్కొని చదివినవాళ్లు, ఒకే పుస్తకం మీద పరస్పరం పొసగని పది అభిప్రాయాలు రాస్తారు. ఆ పదింటినీ పక్కపక్కన పెట్టి చదవడం కంటే మంచి పాఠం కొత్త రచయితకు మరొకటి ఉంటుందని నేననుకోను.

దీన్ని ఎలా వాడుకోవాలో ఒక ఉదాహరణతో చెబుతాను. మీకు బాగా నచ్చిన, బాగా గుర్తున్న ఒక నవల పేజీకి వెళ్లి, మూడు నక్షత్రాలు ఇచ్చినవారి అభిప్రాయాలు మాత్రమే కనబడేలా ఎంచుకోండి. అయిదు ఇచ్చినవారు ఎక్కువగా తమ ఆనందం గురించి రాస్తారు, ఒకటి ఇచ్చినవారు తమ కోపం గురించి రాస్తారు. మూడు దగ్గర ఆగినవారు మాత్రం నచ్చినదీ నచ్చనిదీ రెండూ చెప్పాల్సి వస్తుంది కాబట్టి పుస్తకం లోపలికి వెళ్లక తప్పదు. మొదటి సగం నడక బాగుంది, ఊరు మారిన తర్వాత కథ పట్టు తప్పింది అని ఒకరంటారు. కథ చెప్పే మనిషికి తెలిసే వీలులేని విషయాలు ఎనిమిదో అధ్యాయంలో చెప్పేశారని మరొకరు పట్టుకుంటారు. అటువంటి వాక్యాలు నాలుగైదు చదివి మీ సొంత రాతప్రతి తిరగేస్తే, సరిగ్గా అవే జబ్బులు అందులో ఎక్కడున్నాయో కనబడతాయి.

నక్షత్రాల విషయంలో తెలుగువాళ్లం తెలుసుకోవలసింది ఒకటుంది. గుడ్‌రీడ్స్ లెక్క ప్రకారం ఒక నక్షత్రమంటే నచ్చలేదని, రెండంటే ఫరవాలేదని, మూడంటే నచ్చిందని, నాలుగంటే చాలా నచ్చిందని, అయిదంటే అద్భుతమని అర్థం. అంటే మూడు వచ్చిన పుస్తకం పాఠకుడికి నచ్చిన పుస్తకమే. మనం మాత్రం ఫోను కొన్నా భోజనం తెప్పించుకున్నా అయిదు ఇవ్వకపోతే అవతలివారికి నష్టమన్న అలవాటులో పడి, తెలిసినవారి పుస్తకానికి కళ్లు మూసుకొని అయిదు ఇచ్చేస్తాం. పట్టుమని ఇరవై మంది కూడా చదవని తెలుగు పుస్తకానికి ఆ నక్షత్రాల సగటు ఏమీ చెప్పదు, దాన్ని పట్టించుకోనక్కరలేదు. అభిప్రాయం రాయకుండా నక్షత్రాలు మాత్రం గుచ్చి వెళ్లిపోయే వీలు ఉండటం ఈ సేవ స్వరూపంలోనే ఉన్న లోపమని నా అభిప్రాయం.

ఇక తెలుగు పుస్తకాల పట్టిక. ఇక్కడే ఓపిక కావాలి. ఇంగ్లిష్ పుస్తకమైతే వెనక అట్ట మీది బార్‌కోడును ఫోను కెమెరాకు చూపిస్తే వివరాలన్నీ వచ్చేస్తాయి. పాత తెలుగు కథల సంపుటి తీసుకుంటే, అట్ట వెనక బార్‌కోడు స్థానంలో రచయిత ఫోటో ఉంటుంది. లోపలి పేజీలో మొదటి ముద్రణ నెల, ప్రతుల సంఖ్య, వెల ఉంటాయి, ప్రచురణకర్త స్వయంగా రచయితే అయి ఉంటారు, ప్రతులకు అన్నచోట రచయిత ఇంటి చిరునామాతోపాటు హైదరాబాదు కాచిగూడలోని నవోదయ బుక్ హౌస్ వంటి దుకాణాల పేర్లు ఉంటాయి, ఐఎస్‌బీఎన్ (ఒక్కో పుస్తకాన్ని విడిగా గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) మాత్రం ఉండదు. అటువంటి పుస్తకం పట్టికలోకి ఎక్కాలంటే ఎవరో ఒకరు కూర్చొని ఆ వివరాలన్నీ చేత్తో ఎక్కించాలి. గుడ్‌రీడ్స్‌లో ఆ పని చేసేవారిలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద లైబ్రేరియన్లు. అరల్లో కనీసం 50 పుస్తకాలున్న సభ్యులు ఆ బాధ్యతకు దరఖాస్తు చేసుకోవచ్చు. తెలుగు పుస్తకాల అట్టబొమ్మలూ ముద్రణ వివరాలూ ఈ మాత్రమైనా కనబడుతున్నాయంటే అది పేరు తెలియని ఇటువంటి పాఠకుల చలవే, వారికి నేను మనసారా కృతజ్ఞుణ్ణి.

వెతకడంలో ఇబ్బంది అక్షరాల దగ్గర వస్తుంది. ఒకే తెలుగు పుస్తకం తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో మరోసారి ఎక్కి ఉండవచ్చు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు ‘ద’కూ ‘డ’కూ ఒకటే అక్షరం వాడేవారున్నారు, ‘శ’ను ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాస్తారు, దీర్ఘం చోట అక్షరాన్ని రెండుసార్లు రాసేవారు రాస్తారు, రాయనివారు రాయరు. దాంతో ఒక పుస్తకం మీద రాసిన అభిప్రాయాలు రెండు మూడు పేజీల్లోకి చీలిపోతాయి. ఆ ప్రతులన్నింటినీ ఒకటిగా కలిపే వీలు లైబ్రేరియన్లకు ఉంది గాని, అవి ఒకే పుస్తకమని తెలుగు చదవగలిగినవారే గుర్తుపట్టగలరు. రచయితల పేర్లతో మరో చిక్కు. మన ఇంటిపేరు ముందు వస్తుంది, కొందరు దాన్ని పొడి అక్షరానికి కుదిస్తారు, కొందరు పూర్తిగా రాస్తారు, కాబట్టి ఒకే మనిషి ఇద్దరుగా కనబడటం మామూలే. ఒకే పేరున్న ఇద్దరు వేరువేరు రచయితలను విడదీయడానికి గుడ్‌రీడ్స్ పాటించే పద్ధతి మరీ విచిత్రంగా ఉంటుంది: రెండో మనిషి పేరులో పదాల మధ్య అదనంగా ఒక ఖాళీ వదులుతారు. చూసేవారికి తేడా కనబడదు, కంప్యూటరుకు మాత్రం తెలుస్తుంది. ఇంటిపేర్ల తొలి అక్షరాలూ అసలు పేర్లూ తరచుగా కలిసే మన భాషలో ఇది ఎంత గందరగోళానికి దారితీస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

కలిసి చదివి మాట్లాడుకునేందుకు ఇక్కడా గ్రూపులున్నాయి. పాత పద్ధతిలో, అంశానికొక వరుస చొప్పున చర్చ సాగుతుంది. వేగం తక్కువే, కాని నాలుగు రోజులు ఆలోచించి జవాబు రాసేవారికి అదే అనుకూలం. తెలుగువారి సందడి మాత్రం తక్కువ. ప్రస్తుతానికి తెలుగు పుస్తకం మీద సాగే సంభాషణ చాలావరకు ఒకరి అభిప్రాయం కింద ఇంకొకరు రాసే వ్యాఖ్యల రూపంలోనే నడుస్తుంది.

చీకటి కోణమూ చెప్పాలి. పుస్తకం విడుదల కాకముందే దానికి రేటింగు ఇచ్చే వీలుంది, ఆ వీలు దుర్వినియోగమైన సందర్భాలున్నాయి. 2023 జూన్‌లో ప్రసిద్ధ అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ గిల్బర్ట్ రష్యా నేపథ్యంలో రాసిన తన కొత్త నవలను ప్రకటించగానే, ఉక్రెయిన్ యుద్ధ సమయంలో అటువంటి పుస్తకం తగదంటూ ఒక్క పేజీ కూడా చదవనివారు వందల సంఖ్యలో ఒక నక్షత్రం ఇచ్చారు, ఆమె ఆ ప్రచురణను నిరవధికంగా వాయిదా వేసుకున్నారు. వారి ఆవేదనను నేను కాదనను, కాని చదవని పుస్తకానికి విలువ కట్టడం పాఠకుడి పని కాదు. అసాధారణ స్థాయిలో రేటింగులు వచ్చిపడినప్పుడు వాటిని తాత్కాలికంగా ఆపే ఏర్పాటు గుడ్‌రీడ్స్‌కు ఉంది. అంతకంటే ముందే, 2013లో, పుస్తకాన్ని వదిలి రచయిత ప్రవర్తన మీద రాసే అభిప్రాయాలను తొలగిస్తామన్న నియమం తెచ్చారు. అప్పట్లో చాలామంది పాఠకులు దాన్ని వ్యతిరేకించినా, పుస్తకం మీద మొదలైన చర్చ నాలుగో వ్యాఖ్యకల్లా రచయిత వ్యక్తిగత జీవితం మీదికి మళ్లడం చూసి విసిగిన మనవంటివారికి ఆ నియమం విలువ తెలుసు.

పుస్తకం వేసుకున్న కొత్తవారికి రెండు మాటలు. రచయితగా మీ పేజీని ఉచితంగానే మీ పేరిట తీసుకోవచ్చు, పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాయవచ్చు. మీ పుస్తకం బాగాలేదన్నవారికి మాత్రం జవాబు రాయకండి, రచయితలకు గుడ్‌రీడ్స్ ఇచ్చే సలహా కూడా అదే. ఉచిత ప్రతులు పంచే పథకానికి 2018 నుంచి రుసుము పెట్టారు, అది 119 డాలర్లతో మొదలైంది. అయిదు వందల ప్రతులు వేసుకొని సగం మిత్రులకు పంచే తెలుగు రచయితకు అది అనవసర ఖర్చు. దానికి బదులు అచ్చుకు ఇచ్చేముందే ఐఎస్‌బీఎన్ తీసుకోండి. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ద్వారా అది ఉచితంగానే వస్తుంది. ఆ పదమూడు అంకెలు ఉంటే పైన చెప్పిన పట్టిక చిక్కుల్లో సగం మీ పుస్తకానికి రావు.

అచ్చుదాకా పోకుండా భాగాలు భాగాలుగా రాసి వెంటనే పాఠకుల స్పందన చూడాలనుకునేవారికి 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి అనే కథల వేదిక తగినది. అక్కడ తెలుగు చదివేవారి సంఖ్యతో గుడ్‌రీడ్స్‌కు పోలికే లేదు. రాస్తూ ఉండటానికి కావలసిన ఉత్సాహం అక్కడ దొరుకుతుంది. రాసినదాన్ని దూరంగా నిలబడి చూడటం నేర్చుకోవడానికి మాత్రం నేను గుడ్‌రీడ్స్‌నే సూచిస్తాను. అర నక్షత్రం, పావు నక్షత్రం తేడాలు కూడా చూపించాలనుకునేవారికి ఇటువంటిదే మరో సేవ స్టోరీగ్రాఫ్ ఉంది, గుడ్‌రీడ్స్ అరలను అక్కడికి తరలించుకోవచ్చు. అక్కడికి వెళ్లినా వెళ్లకపోయినా మీ పుస్తకాల జాబితాను ఏడాదికోసారి దింపుకొని దాచుకోండి, ఆ వీలు గుడ్‌రీడ్స్ వెబ్‌సైటులోనే ఉంది.

తెలుగు పాఠకుడిగా నేను దీన్ని నాలుగు నక్షత్రాల సేవ అనలేను, మూడు ఇస్తాను, పైన చెప్పిన అర్థంలోనే. తెలుగు లిపిలో వెతికినా ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికినా ఒకే పుస్తకం పేజీకి చేర్చే ఏర్పాటు వచ్చిననాడు నాలుగోది ఇస్తాను. అప్పటిదాకా తెలుగు పుస్తకం మీద అభిప్రాయం రాసేవారు పుస్తకం పేరునూ రచయిత పేరునూ రెండు లిపుల్లోనూ ఒకసారి రాస్తే, సమీక్షల్లో పదం పెట్టి వెతికే పాఠకులకు అది దొరికే అవకాశం పెరుగుతుంది.