రూల్స్ ఆఫ్ డేటింగ్: తియ్యటి కొరియన్ లవ్ స్టోరీ కోసమైతే ఇది పెట్టకండి

కొరియన్ రొమాన్స్ అంటే గొడుగు పట్టే హీరో, పదో ఎపిసోడ్ దాకా చెయ్యి కూడా పట్టుకోని జంట అనుకునేవాళ్లకి 2005లో వచ్చిన ఈ సినిమా మొదట్లోనే చిరాకు తెప్పిస్తుంది.

దర్శకుడు హాన్ జే-రిమ్‌కి ఇదే మొదటి సినిమా. యూ-రిమ్ (పార్క్ హే-ఇల్) హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్. హాంగ్ (కాంగ్ హే-జంగ్) అదే స్కూలుకి ట్రైనీగా వచ్చిన ఆర్ట్ టీచర్, వయసులో అతని కంటే ఏడాది పెద్ద. ఇద్దరికీ విడివిడిగా జోడీలున్నాయి. అయినా ఇతను మందు తాగుతూ కూర్చున్న చోట, పులిహోర కలపడం లాంటి మర్యాదలేవీ లేకుండా, నేరుగా పడుకుందామా అని అడిగేస్తాడు. ఆమె వద్దంటుంది, మాట మారుస్తుంది, ఒక్కోసారి అతనికే దిమ్మతిరిగేలా జవాబిస్తుంది, అతను మాత్రం నవ్వుతూ తిరిగి తిరిగి అక్కడికే వస్తాడు.

ఈ పాత్రకి పార్క్ హే-ఇల్‌ని తీసుకోవడమే సినిమాలో పెద్ద తెలివి. 'మెమొరీస్ ఆఫ్ మర్డర్'లో అనుమానితుడిగా మనల్ని ఎటూ తేల్చుకోనివ్వని ఆ అమాయకపు మొహమే ఇక్కడ కూడా పనిచేస్తుంది, చిన్నపిల్లాడిలా గారాలు పోతుంటే మనకి తెలియకుండానే నవ్వేస్తాం, ఆ నవ్వు ఆగకముందే స్కూల్ ట్రిప్ సీన్ వస్తుంది. అక్కడ ఆమె వద్దంటున్నా అతను ఆగడు. దాన్ని నేను ఫ్లర్టింగ్ అని ఒప్పుకోను, ఎవరైనా రొమాన్స్ అంటే వాదిస్తాను కూడా. అతను అక్కడి టీచర్, ఆమె ట్రైనింగ్‌కి వచ్చిన మనిషి, గట్టిగా గొడవ చేస్తే ఎవరి పేరు పాడవుతుందో ఇద్దరికీ తెలుసు.

సెకండాఫ్‌లో సినిమా అసలు విషయంలోకి వస్తుంది. హాంగ్‌కి రాత్రిళ్లు నిద్ర ఎందుకు పట్టదో, పాత సంబంధం ఒకటి బయటపడినప్పుడు నింద మొత్తం ఆమె మీదే ఎలా పడిందో తెలిశాక, ఫస్టాఫ్‌లో ఆమె వేసిన ప్రతి వెటకారం వేరేలా వినిపిస్తుంది. కాంగ్ హే-జంగ్‌ని 'ఓల్డ్‌బాయ్'లో చూసి మెచ్చుకున్నవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. పెదాలు నవ్వుతుంటాయి, కళ్లు మాత్రం ఎదుటివాడు తర్వాత ఏం చేస్తాడో లెక్క వేస్తుంటాయి. స్కూల్లో పుకారు పాకాక ఈసారి ఆమె ముందే నోరు తెరుస్తుంది, అతని ఉద్యోగం పోతుంది. అప్పటిదాకా ఆటలా చూసినవాడికి మొదటిసారి దెబ్బ తగులుతుంది, అతను అన్నీ పోగొట్టుకునే ఆ భాగంలో పార్క్ హే-ఇల్ కూడా చాలా బాగా చేశాడు.

నాకు నచ్చనిది ముగింపు. వాళ్లిద్దరినీ మళ్లీ కలిపే తొందరలో సినిమా అతన్ని కాస్త తేలిగ్గా వదిలేసింది, స్కూల్ ట్రిప్‌లో జరిగిన దాని గురించి ఇద్దరూ ఒక్కసారి సూటిగా మాట్లాడుకుని ఉంటే బాగుండేది.

పెద్దలకి మాత్రమే, ఇంట్లో అందరితో కలిసి పెట్టుకునేది కాదు. చూస్తే మీ పార్ట్‌నర్‌తో చూడండి, అయ్యాక ఇద్దరూ ఎవరి పక్షాన ఉన్నారో అడిగి తెలుసుకోండి.